షోకేసులో ఖాళీ ఫ్రేము

ఒరేయ్ పెద్దోడా,

ఫోన్లో అయితే మన ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది, అందుకే రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నీ స్నేహితుడు, అంటే నీతో ఉంటున్న అబ్బాయి, బాగున్నాడని తలుస్తాను.

ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా అని టీవీలో రోజూ చర్చే. మన ఫొటో స్టూడియో ముందూ అదే గోల. మొన్న ఎదురు షాపు దర్జీ, "రేపు నీ కొడుకే అలాంటివాడని తెలిస్తే ఏం చేస్తావోయ్?" అని నన్నే అడిగాడు. వాడికి నీ సంగతి తెలియదు.

"ఏం చేస్తాను, ఫొటో తీస్తాను" అన్నాను.

"తీసి షోకేసులో పెడతావా?" అన్నాడు. మన ఇంట్లో ప్రతి జంటకీ అక్కడ చోటుంటుందని వీధంతా ఎరుగుదురు కదా.

"పెడతాను" అన్నాను.

దర్జీ మెడలో టేపు సర్దుకుంటూ నా ముఖంలోకి చూశాడు. "అయితే కోట్లు నేనే కుడతాను. బయట ఇచ్చావంటే ఊరుకోను" అన్నాడు.

కాబట్టి మాటిచ్చేశాను. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ రండి, వెలుతురు బాగుంటుంది. ఆ అబ్బాయి కళ్లద్దాలు పెట్టుకుంటాడా? ముందే చెప్పు, లైట్లు పక్కకు జరపాలి. అతన్ని ఏ వరస పెట్టి పిలవాలో మీ అమ్మకు పాలుపోవడం లేదు. కూరలో కారం ఎంత తింటాడో మాత్రం కనుక్కోమంది.

మీ చెల్లీ అల్లుడూ ఉన్న ఫొటో పక్కన ఖాళీ ఫ్రేము పెట్టేశాను. ఎవరి కోసమని అడిగినవాళ్లందరికీ, మా పెద్దోడి జంట కోసమని చెబుతున్నాను.

నాన్న