ఎడమపక్క గుర్రం

కెరెష్‌హాజా,
1865 అక్టోబరు 9.

కల్నల్ ఆకోష్ గారికి,

పాత కల్నల్ గెడియోన్ రాయించేది. గారు అన్నానని మురిసిపోకు, ఆ మర్యాద పదవికి. నీ క్షేమం అడగాలని లేదు గానీ అలవాటు చావక అడుగుతున్నాను. బాగున్నావా? ఇక్కడ మేం ఉన్నామంటే ఉన్నాం.

నాకు చూపు ఆనడం లేదు కాబట్టి నేను చెబుతుంటే నా భార్య ఎతెల్కా రాస్తోంది. దస్తూరీ ఆమెది, తిట్లు నావి.

హుస్సార్ అశ్వదళంలో ముప్పై ఏళ్లు చేశాను. మీసం రాకముందే మా నాన్న, పెద్ద కౌంట్ గారు, ఓ గుర్రాన్నీ తాతగారి కత్తినీ ఇచ్చి పంపేశారు. ఇటలీలో తొడలో తూటా దిగింది. గలీషియా బురదలో నడుం పోయింది. పతకాలొచ్చాయి, నిద్ర పోయింది. ఇంతా చేసి ఏం మిగిలిందిరా అంటే, పొద్దున కుర్చీ వరండాలో వేయించుకోవడం, ఎండెక్కాక లోపలికి వేయించుకోవడం. విసుగొచ్చేసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా సగమే ఉంది, ఆ సగం నీకోసం దాచాను.

నా కళ్లు పోతున్నాయని దళంలో తెలిసింది నీ ఒక్కడికే. రెండేళ్లు నా ఎడమపక్క గుర్రం నీదే. పెదవి కదపకుండా గుంట అనేవాడివి, నేను నా గుర్రం రిగోని దూకించేవాణ్ణి. కంచె అనేవాడివి, పక్కకి లాగేవాణ్ణి. వెనకున్నవాళ్లకి అనుమానమే రాలేదు. మే నెల కవాతులో బండి దిగుతున్న బిషప్పుని జనరల్ అనుకుని కత్తెత్తి వందనం చేస్తే, ముందు దేవుడికి లెండి అని అందరినీ నవ్వించి గట్టెక్కించావు. ఆ మర్నాడే జనరల్ పిలిచి ఏదో కాగితం చదవమన్నాడు. తలకిందులుగా పట్టుకున్నానట. వారం తిరక్కుండా నా దళం నీ చేతికొచ్చింది.

ఎవరు చెప్పారని నిన్నడిగాను. నోరు మెదపలేదు. కాదు అని ఒక్క మాటంటే నమ్మేవాణ్ణిరా ఆకోష్. ఎంత పిచ్చివాణ్ణంటే, ఇప్పుడన్నా నమ్ముతాను.

వచ్చే నెల మార్టిన్ పండక్కి, పెద్దబాతు విందుకి వస్తానని కబురు పంపావట. రావద్దు. మా పెద్దబాతు మేమే తింటాం. రిగోని నువ్వే ఉంచుకో. దాణా తడిపి పెట్టించు, దాని పళ్లు అరిగిపోయాయి.

ఇక సెలవు.

గెడియోన్

తా.క. ఆకోష్ గారూ, ఇది ఎతెల్కా. పై ఉత్తరమంతా ఆయనకి చదివి వినిపించి, చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించాను. ఇప్పుడు గుర్రపుశాల దగ్గర కాసేపు కూర్చుంటానని వెళ్లారు. ఈ మాటలు ఆయనకి తెలియవు.

కవాతు రోజు విందులో ఆయన కళ్ల సంగతి జనరల్‌తో చెప్పింది నేనే. సూపు చల్లారేలోగా చెప్పేశాను. పడితే ఆయనొక్కరే పడతారనుకుంటే నోరు మూసుకునేదాన్ని. కానీ వెనకాల ఆరువందల మంది గుడ్డిగా దూకుతారు, వాళ్లకీ పెళ్లాలున్నారు. బల్లకి ఎదురుగా కూర్చుని మీరు అంతా విన్నారు. ఆయన నిలదీసినప్పుడు నా పేరు దాచారు. అది మర్చిపోలేను.

పండక్కి రండి. రావద్దంటారు గానీ, గేటు చప్పుడైతే మీరేమోనని లేచి నిలబడుతున్నారు. మళ్లీ అడుగుతారు. చెప్పింది మీరేనని ఒప్పుకోండి. మిమ్మల్ని తిట్టుకుంటూ ఆయన బతకగలరు. నన్ను అసహ్యించుకుంటే, ఈ ఇంట్లో ఎవరి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతారు?