తాళం అడగడానికి ముందు చెప్పాల్సిన మాట

ఉదయగిరిలో ఉన్న అక్కకు ఆత్మకూరు నుంచి తమ్ముడు సుబ్బరాయుడు నమస్కరించి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. బావ దగ్గు తగ్గిందా? నా గురించి దిగులు వద్దు.

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి ఇన్ని నెలలైనా ఈ ఊరు నాకు అలవాటు కాలేదు. మన కొండ గాలి ఇక్కడ లేదు, ఒకటే ఉక్క. మెస్సువాడు చారులో చింతపండు వేశాడో, చింతపండు కడిగిన నీళ్లు పోశాడో తేల్చుకోలేను. సంగటి ముద్ద చూసి ఎన్నాళ్లయిందో. సాయంత్రమైతే మాట్లాడటానికి మనిషి లేడు, పోట్లాడటానికి అసలే లేడు. అయినా బాగానే ఉన్నాను.

స్కూలు సంగతి చెప్తాను. మాకు ఒక కంప్యూటర్ ఇచ్చారు. లెక్కల అయ్యవారిని కాబట్టి, నెల్లూరులో నాలుగు రోజులు ట్రైనింగ్ అని కూర్చోబెట్టి ఆ క్లాసు నా నెత్తిన పెట్టారు. కంప్యూటర్‌కు పసుపు కుంకుమలు పూసి, టెంకాయ కొట్టి, గదికి తాళం వేశారు. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. ఆఫీసర్లు వస్తే కవరు తీస్తారు, పోతే కప్పుతారు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకొని చూస్తారు. గుళ్లో దేవుడికైనా రోజూ తలుపు తీస్తారు గదా అక్కా!

అన్ని స్కూళ్లలో ఇదే భాగోతమని నా అనుమానం. అందుకే చుట్టుపక్కల కంప్యూటర్ చెప్పే టీచర్లందరం ఒక సంఘంగా కూడి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుందామని రెండో శనివారాలు మా స్కూల్లో మీటింగు పెట్టాను. వింజమూరు, సంగం, ఏ.ఎస్. పేట, మన ఉదయగిరి నుంచి కూడా వచ్చారు. వచ్చి ఏం చెప్పారు? “మాకేం సార్, బ్రహ్మాండంగా నడస్తా ఉండాది.” అందరిదీ అదే పాట. మన దగ్గర అయ్యవారు తెలియదన్నాడంటే బెత్తం పిల్లవాడి చేతికి ఇచ్చినట్టే గదా! నాటు వైద్యుడు ఆకు పేరు దాచినట్టు వీళ్లు విద్య దాచుకుంటున్నారని నాకు మండింది. మూడు మీటింగులు టీ, బజ్జీలతో సరిపోయాయి.

ఈలోగా నెల్లూరు నుంచి ఒక కంపెనీ మనిషి స్కూళ్ల చుట్టూ తిరగసాగాడు. గవర్నమెంటు అయ్యవార్లకు కంప్యూటర్ రాదు, గది మాకు అప్పగించండి, మా కుర్రాళ్లు చెప్తారు, పిల్లల దగ్గర నెలనెలా ఫీజు తీసుకుంటాం. ఇదీ వాడి బేరం. ఫీజు కట్టలేని పిల్లలో? వాళ్లకు కిటికీ ఉంది గదా! మా మీటింగుకు బిర్యానీ పెడతానని కూడా వచ్చాడు. ఊరికే బిర్యానీ పెట్టేవాడిని ఇంతవరకు నేను చూడలేదు. పొమ్మన్నాను.

నాలుగో మీటింగులో వింజమూరు గ్రేసమ్మ టీచరు లేచింది.

“సార్, మా చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్తాం. ఒక్కొక్కరు లేచి ఉండేది ఉన్నట్టు చెప్తారు. మధ్యలో ఎవరూ నవ్వరు, అడ్డం రారు. ఈడగూడా అట్ట చెప్పుకుందామా? మనకు ఏం రాదో, అది.”

“ఇది టీచర్ల సంఘమమ్మా, ప్రార్థన కూటం కాదు.”

“ప్రార్థన చెయ్యమన్లేదు సార్. నిజం చెప్పమన్నా.”

“మనకు రాదని మనమే చెప్పుకుంటే కంపెనీవాడి నోట్లో చక్కెర పోసినట్టు కాదా? ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉంటాదని ఏంది గ్యారంటీ?” అంటూ ఖాజా సారు వైపు చూశాను. ఆయనది ఏ.ఎస్. పేట స్కూలు. ఆ వారమే కంపెనీవాడి స్కూటరు వెనక కూర్చొని పోతుంటే కళ్లారా చూశాను.

ఆయనకు అర్థమైంది. “బస్సు తప్పిపోయినాది సార్, దర్గా కాడ దించినాడు. స్కూటరెక్కితే అమ్ముడుపోయినట్టేనా?”

“ఎక్కించుకున్నోడు ఊరికే ఎక్కించుకుంటాడా?”

గ్రేసమ్మ మా గొడవ పట్టించుకోలేదు. “ఓపెనింగ్ అయినాక ఒక్కసారి ఆన్ చేసినాను. నల్ల తెర మీద తెల్ల గీత ఒకటి ఆరతా వెలగతా ఉండాది. ఆపైన ఏం నొక్కాలో తెలీక, భయమై ఆపేసినాను,” అని కూర్చుంది.

సంగం సారు మెల్లగా లేచాడు. “మాదీ ఆ గీతే.” అప్పుడు నవ్వారు, గ్రేసమ్మతో సహా. ఖాజా సారు అన్నాడు: “ఆ గీత కాడ డీఐఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కండి టీచరమ్మా, లోపలుండేటివన్నీ చూపిస్తాది. ఫ్లాపీలో దాచేది మాత్రం నాకు రాదు.” ఫ్లాపీ సంగతి మన ఉదయగిరి సారుకు తెలుసు. గొప్పలు చెప్పుకున్న మూడు నెలల్లో రానిది ఆ సాయంత్రం వచ్చింది. నేను మాత్రం నోరు విప్పలేదు.

నా అనుమానం ఊరికే పోలేదు. వారం తిరక్కముందే కంపెనీవాడు మా హెడ్మాస్టరు ముందు కూర్చున్నాడు. “మీ టీచర్లే రాదని ఒప్పుకున్నారంట గదా!” ఇంకేం కావాలి? తర్వాతి మీటింగు రోజు బస్టాండులోనే ఖాజా సారును నిలబెట్టి అడుగుతున్నాను. వింజమూరు బస్సు దిగి గ్రేసమ్మ అడ్డమొచ్చింది.

“ఆయన్ను వదలండి సార్. మా హెడ్మాస్టరుకు చెప్పింది నేను. కంపెనీ ఆయన ఆడనే ఉండాడు, విన్నాడు.”

“వాడి ముందరే చెప్పినావా తల్లీ!”

“రాదు సార్, నేర్చుకోవాల, తాళం ఈండి అని అడిగినాను. ఇన్నాళ్లూ వచ్చని చెప్పినాం. వచ్చినోళ్లకు తాళం దేనికి?” అంటూ సంచిలోంచి తాళంచెవి తీసి చూపించింది. “రోజూ సాయంత్రం పిల్లోళ్లూ నేనూ కలిసే కూర్చుంటా ఉండాం.”

ఖాజా సారుకు టీ ఇప్పించాను. క్షమించమని అడగలేదు. ఆయన టీ తాగాడు. స్కూటరు సంగతి ఇప్పటికీ నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు, నీతో కాబట్టి చెప్తున్నాను.

మా స్కూలు గది మాత్రం ఇంకా త్రాసులో ఉంది. హెడ్మాస్టరు ఈ నెలాఖరుకు కంపెనీవాడికి సరేననేటట్టు ఉన్నాడు. అంతకుముందే నేను తాళం అడగాలి.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. బావకు మిరియాల కషాయం ఇవ్వడం ఆపొద్దు. ఒక చిన్న పని: ఈ నెల రెండో శనివారం మీటింగు ఉదయగిరిలో, మన ఇంటి పంచలో. సంగటి, గోంగూర చెయ్యి చాలు. బిర్యానీ వద్దు.

ఆ రోజు సాక్ష్యం వంతు నాది. అందరినీ ఇంత నిలదీసిన నేను ఆ తెల్ల గీత దాకా కూడా పోలేదక్కా. ఆఫీసర్లు వచ్చినప్పుడు స్విచ్ వేసేది అటెండరు, పక్కన చేతులు కట్టుకొని నిలబడేది నేను. నాకు తెలియదు అనే మాట నా నోట నువ్వు ఇంతవరకు వినలేదు. ఆ రోజు వింటావు. అది నీ ముందు అనగలిగితే, సోమవారం హెడ్మాస్టరు ముందు అనగలను. బావ నవ్వితే నవ్వనీ, నువ్వు మాత్రం నవ్వకు.

నీ దీవెన కోసం చూసే
తమ్ముడు
సుబ్బరాయుడు