బయటి ఊరివాళ్ల గేటు

చిరంజీవి రాఘవకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు గనుక రాశాను. అది ఎంత నిజమో కిందికి పోయాక చెప్తా.

ఫోన్ ఎత్తనని పంతం పట్టినవాడివి, మూడేళ్లకు ఉత్తరం రాశావు. తెరిస్తే ఏముంది? నువ్వుంటున్న కొచ్చి ఫుట్‌బాల్ జట్టు ఆట ఇక్కడ ఉందని దోస్తులతో వస్తున్నావట, బయటి ఊరివాళ్లకు ఏ గేటు, తిండి ఎక్కడ అని అడిగావు. ఇంటికి వస్తానని ఒక్క ముక్క లేదు. ఒళ్లు మండింది. ఇవన్నీ ఫోన్లో దొరుకుతాయని నాకూ తెలుసు. అయినా నన్నే అడిగావు కదా, ఆ ధైర్యంతోనే కిషన్‌బాగ్ నుంచి రెండు బస్సులు మారి స్టేడియానికి పోయి కనుక్కొచ్చాను.

మీది వెనక గేటు. ఇన్నాళ్లూ ఈ ఊరివాడిగా ముందు నుంచి పోయావు, అది నీకేం తెలుసు! మీ పసుపు చొక్కాలవాళ్లందరికీ ఒకటే మూల. నీళ్ల సీసాలు తేవద్దు. "బాటిల్ నై చల్తా అమ్మా, లోపల్నే దొరుకుతయ్" అన్నాడు కాపలా అతను. ఎదురు సందులో ఇడ్లీ బాగుంది, తినేసి లోపలికి పొండి. ఆట అయ్యాక లొల్లి కాకుండా, ఈ ఊరివాళ్లు వెళ్లేదాకా మీ గేటుకు తాళం వేస్తారట. "అర్ధగంట గాడనే కూసోవాలె, ఎవ్వరైనా సరే" అన్నాడు.

రాఘవా, బాపుకు దసరా ముందు పక్షవాతం వచ్చింది. పట్టుకుంటే నడుస్తాడు గానీ మాట పోయింది. గుళ్లో ఆయన చేసే పూజ ఇప్పుడు వేరే పూజారి చేస్తున్నాడు. ఇంకోసారి వస్తే మనిషి దక్కడన్నారు డాక్టర్లు. "బంతి వెంట పోయేటోడు నా గడప తొక్కొద్దు" అని నిన్ను వెళ్లగొట్టిన నోటికి ఇప్పుడు ఒకటే అక్షరం మిగిలింది. పొద్దస్తమానం తలుపు వైపు చూస్తూ "రా... రా..." అంటాడు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. పత్తర్‌గట్టి బజారులో ఆయనకు పసుపు చొక్కా కొన్నాను. మీ మూలలోనే ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను. తాళం పడ్డాక మేమొచ్చి నీ పక్కన కూర్చుంటే లేచి పోలేవు కదా అనుకున్నాను. దాచిపెడదామనుకున్నా, నా వల్ల కాలేదు. నీ కాళ్లు మొక్కుతా బిడ్డా, ఇది చదివి రావడం మాత్రం మానకు.

నిన్ను చూసి ఆయన "రా" అంటాడు. పేరు పిలుస్తున్నాడో, ఇంటికి రమ్మంటున్నాడో నేను చెప్పలేను. నువ్వు మాత్రం రమ్మన్నాడనే అనుకో.

ఇట్లు,
నీ అమ్మ,
రంగనాయకి