సరళ పడవ కొనేముందు తీర్చవలసిన షరతు

బత్తలపల్లె కాపురస్థుడు నరసింహప్ప అనే నేను, అరవై నాలుగేళ్ల వయసులో, ఇందుమూలంగా రాయించిన వీలునామా ఇది. నా కుడిచెయ్యి పైకి లేవదు గానీ బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. రాప్తాడు పొలం అమ్మగా మిగిలిన సొమ్మంతా నా తమ్ముడు కుళ్లాయప్ప కూతురు సరళకు చెందవలెను. పడవ కొని సముద్రాలు తిరుగుతానంటోంది, తిరగనీ. కానీ ముందు రెండేళ్లు పరాయివాళ్ల తెరచాప పడవల్లో పనిచేయాలి. ఒడ్డు కనబడని చోట, వాంతులు చేసుకుంటూనైనా, చుక్కాని పట్టాలి. అంతవరకు పైసా ఇవ్వరాదు. ఈలోగా కొంటే ఆ పడవను గొడ్డలితో ముక్కలు చేయించండి.

2. కారణం ఇన్నాళ్లూ దాచాను. ఏడేళ్ల కిందట, సముద్రం తిరగాలన్న పిచ్చితో, మంగళూరులో నేను పాత పడవ బేరమాడుతుంటే కుళ్లాయప్ప, "అన్నా, ముందు ఒకరి పడవలో పని నేర్చుకుందాం. మన ఊర్లో నీళ్లు యాడుండాయని?" అన్నాడు. అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాను. రక్తం ఉమ్మేసి నా వెనకే పడవెక్కాడు.

3. అప్పుడు పక్కన నిలబడి నవ్విన మేనల్లుడు ఓబులేష్‌కు ఏమీ లేదు.

4. మా ఊరి ఆషాఢం గాలి నెలల తరబడి పడమటి నుంచే కొడుతుంది. గొంగళి కప్పుకొని దానికి వీపు పెట్టి గొర్రెలు కాసినవాణ్ని, మళ్లీ వెనక్కి చూసే అలవాటు లేదు. సముద్రంలోనూ చుక్కాని పట్టుకొని అలాగే కూర్చున్నాను. నాలుగో రోజు గాలి తిరిగింది, నేను చూసుకోలేదు. తెరచాప అడుగు దూలం ఈ పక్క నుంచి ఆ పక్కకు విసురుగా వచ్చి, నాకు సంగటి ముద్ద ఇవ్వడానికి లేచిన తమ్ముడి తల పగలగొట్టింది. సగం ముఖం లేదు. అలకు కొట్టుకుపోయాడని పోలీసులకు చెప్పింది అబద్ధం. ఆ ముఖం వాడి భార్య తిరుపాలమ్మకు చూపించలేక, నేనే వాణ్ని నీళ్లలోకి తోసేశాను.

5. నా గొంగళి కాల్చేయండి.

6. నేను ఒంటరిగా ఊరు చేరాక తిరుపాలమ్మ, "నా మొగుణ్ని యాడ పారేసి వచ్చినావు?" అని కొడవలితో నా కుడి భుజం నరికింది. కేసు పెట్టలేదు. సరిగ్గానే అడిగింది. ఈ వీలునామా అమలు చేసే అధికారం ఆమెకే ఇస్తున్నాను. సరళ చుక్కాని పట్టినప్పుడు తల తిప్పి గాలిని చూస్తోందో లేదో ఆమే పడవెక్కి చూడాలి. చూశాకే సొమ్ము ఇవ్వాలి.

7. ఆ కొడవలి నా దగ్గరే ఉంది. సాన పట్టించాను. ఇది చదివి వినిపించాక దాన్ని ఆమె చేతికివ్వండి. అంతవరకు నా శవాన్ని ఎత్తవద్దు. ఆమె ఏం చేసినా ఎవరూ అడ్డు రావద్దు.

బత్తలపల్లె, 9-7-2024
ఎడమచేతి సంతకం: నరసింహప్ప
సాక్షులు: వెంకటేశులు, గొర్రెల కాపరి; ఎలిజబెత్, నర్సు