ఉప్పుమడిలో అక్క

మంగళవారం, రాత్రి

చెయ్యి లాగేస్తోంది. నౌపడ ఉప్పుమడిలో పనిచేసే అక్క బొమ్మను నెలలుగా చుక్కలతోనే వేస్తున్నాను. ఉప్పుకి తెలుపు వాడలేదు. నీలం, గులాబీ, పసుపు చుక్కలు పక్కపక్కన పెట్టాను. దూరం నుంచి అవే కలిసి తెల్లగా మెరుస్తాయి.

ఈరోజు అక్క వచ్చి, దగ్గరగా చూసి నవ్వింది. "ఏటే ఇది, అమ్మోరు పోసినట్టు ఈ సుక్కలు?"

గుమ్మం దగ్గర నిలబడి చూడమన్నాను. చాలాసేపు చూసింది.

"బాగున్నాదే. మరి నానెక్కడున్నానే?"

బొమ్మ మధ్యలోనే ఉంది, ఎర్రచీరలో. అక్క కళ్లలోకి చూశాను.

"ఉప్పు మీద ఎండ సూసీ సూసీ కళ్లు మసకేసినాయే. మీ బావకి సెప్పకు, పని మానిపించేస్తాడు."

సరేనన్నాను. బొమ్మ ముట్టుకోబుద్ధి కాలేదు. పొద్దున్నే బావకి చెప్పేస్తాను. అక్క తిడితే తిట్టనీ, కంటి ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్లాల్సిందే.