మైకు లేని నినాదం

ఏమోయ్, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నావని లేపకుండా ఈ చీటీ రాసిపెడుతున్నాను. చిట్టికి అన్నం, కూర ఒకదానికొకటి తగలకుండా పెట్టు. మిక్సీ వేసేముందు తనకి చెప్పు. నేను కమిటీ మీటింగుకి పరిగెడుతున్నాను. మన ఆటిజం ప్రచారానికి నినాదం దొరికింది!

పొద్దున నా ప్రాసలన్నీ గొంతెత్తి చిట్టికి వినిపించాను. తను చెవులు మూసుకుని, "నాన్నా, పక్కన కూర్చో. మాట్లాడక్కర్లేదు" అంది. నోరు మూసుకోమందనుకున్నాను. కాదు, నిజంగానే నాకోసం కుర్చీ జరిపింది. తను గీస్తున్న బస్సు దారుల పటం నావైపు తిప్పింది. ఇన్నేళ్లలో నా ప్రాసలు విని నువ్వు కుర్చీ జరిపింది లేదు, పారిపోవడానికి తప్ప.

'పక్కన కూర్చో. మాట్లాడక్కర్లేదు' - చిట్టి అన్న ఆ మాటలే మన నినాదం. వాడుకోనా అని అడిగితే, "సరే. మైకులో మాత్రం అరవద్దు" అంది. కమిటీవాళ్లేమో ఊరేగింపుకి మైకూ బ్యాండూ మాట్లాడేశారు. నాదం లేని నినాదమేమిటయ్యా అని అధ్యక్షుడు నన్ను ఆడుకుంటాడు. ఆడుకోనీ. అట్టల మీద రాసి పట్టుకుని నోరెత్తకుండా నడుద్దామంటాను. అందరికంటే పెద్ద నోరు నాదే కాబట్టి, అది మూసుకుని ముందు నేనే నడుస్తానంటాను. ఒప్పించకుండా ఇంటికి రాను.

అసలు సంగతి అడుగున ఇరికిస్తున్నాను: మైకు లేకపోతే చిట్టి కూడా మనతో నడుస్తానంది.