ఎడమకాలి మెట్టె

నందికొట్కూరు,
ఆదివారం.

చిరంజీవి శివజ్యోతికి,

మీ అమ్మ ముద్దులతో రాసే జాబు. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగుండాలి. ఈ మాట ప్రతిసారీ అలవాటు కొద్దీ రాసేదాన్ని. ఈసారి నిజంగానే రాస్తున్నాను, నమ్ము.

నీ జాబు అందింది. మీ నాయన మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది, మొన్నటి నుంచి శనగచేనుకు పోయి వస్తున్నాడు. ఊరగాయ పంపిస్తున్నాను. అంతా స్నేహితురాళ్లకు పంచేసి నువ్వు చప్పిడి అన్నం తినొద్దు. ఇక, "అమ్మా, నీ గుండెకు స్టెంట్ వేస్తారంట కదా, నాకెందుకు చెప్పలేదు" అని రాశావు. "నా వల్లే నీ కాలు ఇట్లయింది, చదువు మానేసి వచ్చి నేనే కుట్టుమిషను తొక్కుతా" అని కూడా రాశావు. అది చదివి నీ మీద చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది.

నా గుండె గుండ్రాయిలా ఉంది. గుండెకు స్టెంట్ అన్నది మీ జేజి ఊరంతా చాటిన మాట. స్టెంట్‌నే ఊళ్లో స్ప్రింగంటారు కదా, స్ప్రింగు వేయడమంటే గుండెకే అని ఆమె లెక్క. చూడ్డానికి వచ్చిన మద్దమ్మ నా మొహం చూడకుండా రవిక వైపే చూస్తూ కూర్చుంది. కాలికేనమ్మా అంటే, "ఊరుకో శివలీలా, గుండె కాల్లో ఉంటాదా యాడన్నా?" అని నన్నే కసిరింది.

అసలు తిప్పలన్నీ నరం అనే మాటతో వచ్చాయి. నువ్వు పుట్టిన నెలలోనే నా ఎడమకాలు తొడదాకా వాచింది. ఎవరిని అడిగినా నరం పట్టిందన్నారు. నరమే కదా అని నాయన నన్ను నరాల డాక్టర్ల చుట్టూ తిప్పాడు. ఇన్నేళ్లూ నరాల బిళ్లలే మింగాను, మడమ పైన పుండు మాత్రం మానలేదు. మొన్న వానాకాలంలో కర్నూలులో రక్తనాళాల డాక్టరు ఒకాయన స్కానింగు తీయించి, ఏం మందులు వాడుతున్నారని అడిగాడు.

"నరానికి సార్. నరం మూసకపోయిండాదంట" అన్నాను.

"మూసుకుపోయింది నిజమేనమ్మా. అయితే అది నరం కాదు, రక్తం గుండెకు తిరిగిపోయే సిర. మనోళ్లు రెండింటినీ నరమనే అంటారు" అన్నాడాయన.

నాయన నోరు తెరిచాడు. "అయితే ఇన్నేండ్లూ మేము పక్కింటి తలుపు కొడతాంటిమా సార్?"

పొత్తికడుపు దగ్గర ఆ సిరను ఇంకో రక్తనాళం పైనుంచి నొక్కుతోందట. కాన్పు తర్వాత అక్కడ గడ్డకట్టిన రక్తం గట్టిపడి దారి మూసేసింది. సన్నటి తీగతో దారి చేసి, బెలూన్‌తో వెడల్పు చేసి, మళ్లీ మూసుకోకుండా జల్లెడ గొట్టం లాంటి స్టెంట్ పెడతారు.

పెడతారు అని రాస్తున్నాను గానీ, తల్లీ, పెట్టేశారు. నీ అర్ధసంవత్సరం పరీక్షలప్పుడే. ఫోన్‌లో ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే రవికలు కుడుతున్నా అన్నానే, అప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. నీకు చెబితే పరీక్ష వదిలేసి పరుగెత్తుకొస్తావని భయపడ్డాను. కోప్పడు, పడతాను.

వాపు చాలా తగ్గింది. పుండు చుట్టూ కొత్త చర్మం వస్తోంది. రక్తం పలచబడే బిళ్లలు మానకూడదు, బిగుతు మేజోడు వేసుకోవాలి, మధ్యమధ్య స్కానింగుకు పోవాలి. కాలు పూర్తిగా మామూలవుతుందని ఆయన మాట ఇవ్వలేదు. మిషను తొక్కొచ్చా అని అడిగితే, "తొక్కండి, పిక్క కదిలితే మంచిదే, కాసేపటికోసారి లేచి నడవండి" అన్నాడు. కాబట్టి నా మిషను నాదే. దాని జోలికి వచ్చావంటే ఊరుకోను.

ఇంటికి పంపేరోజు నేనే అడిగాను, కాన్పు వల్లే ఇదంతా వచ్చిందా సార్ అని. "గడ్డకట్టింది కాన్పు తర్వాతే. కానీ ఆ నొక్కుడు మీ పాప కడుపులో పడకముందు నుంచే ఉంది. పాపదేం తప్పమ్మా?" అన్నాడు. జేజి పక్కనే నిలబడి వింటోంది. కోపమొచ్చినప్పుడల్లా నిన్ను చూపి "ఇంట్లో కాలు పెట్టింది, తల్లి కాలు తీసింది" అనేది కదా. నువ్వు తలుపు వెనక నిలబడి వినడం నేను చూశాను, జ్యోతీ. 

మర్నాడు పొద్దున జేజి ఆకువక్క సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో నా ఎడమకాలి మెట్టె ఉంది. వాపుతో వేలికి పట్టక నేను తీసేసినది. ఎక్కడో పోయిందనుకున్నాను, ఆమె దాచింది. వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. అత్త నా కాలు ముట్టుకోవడమేంటని వెనక్కి లాక్కోబోయాను.

"కదలాకు" అని గదమాయించి వేలికి తొడిగింది. కాలు వదలకుండానే అంది: "ఆ పిల్లకు జాబు రాయి. దాని కాలు శానా మంచిదంట, డాక్టరు చెప్పినాడని రాయి. నా నోరే మంచిది కాదని గూడా రాయి."

రాశాను. రాసినావా లేదా అని ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని పోరుతోంది.

బాగా చదువుకో. చదువు మానేసి కాదు, సెలవులిచ్చాక రా. నీకు గడపలోనే దిష్టి తీస్తానని, కుడికాలు ముందు పెట్టి రమ్మని చెప్పమంటోంది జేజి. నువ్వు ఏ కాలు పెట్టి వచ్చినా నాకు ఒకటే, తల్లీ.

ఇట్లు,
రెండు కాళ్లకూ మెట్టెలున్న మీ అమ్మ,
శివలీల